అయిపోని పెరటాసి

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను పరమ శాకాహారినని నలుగురిలో చెప్పుకుని తిరిగేవాణ్ణి. ఇప్పుడు తీరిగ్గా ఆలోచిస్తే, ఆ రోజుల్లో శాకమనేది నా కంచంలోకి వచ్చిన జ్ఞాపకమే లేదు. మాంసం మానేశాను, అది నిజం. మానేసిన చోట ఇంకేదైనా పెట్టుకోవాలని మాత్రం తోచలేదు. ఇరవై దాటిన వయసులో కడుపు ఒక లెక్కా? ఏది వేసినా నోరు మూసుకుని పడి ఉంటుందనుకుంటాం. మనసు చెబుతుంది, ఒళ్లు వింటుంది, అంతే అనుకుంటాం. ఒంటికీ ఒక నోరుంటుందనీ, అది సరిగ్గా నలుగురూ చూస్తున్నప్పుడే తెరుచుకుంటుందనీ తెలిసేనాటికి నేను తిరుపతిలో ఒక ఆసుపత్రి బల్ల ముందు చేయి చాచుకుని కూర్చుని ఉన్నాను. అక్కడిదాకా ఎలా వెళ్లానో చెప్పాలంటే ముందు మా పెరటాసి సంగతి చెప్పాలి.

మాది చిత్తూరుకు అవతల, తమిళనాడు సరిహద్దుకు దగ్గరగా ఉన్న మామిడితోటల ఊరు. పెరటాసి అంటే తమిళుల లెక్కలో సెప్టెంబరు నడుమ మొదలయ్యే నెల, తిరుపతి కొండమీది సామి నెల. మావైపు ఆ నెలంతా ఇళ్లలో నీచు వాసన ఉండదు. శనివారాలు నుదుట నామం పెట్టుకుని, చెంబుకు తులసిమాల చుట్టి, గోవిందా అంటూ ఇల్లిల్లూ తిరిగి బియ్యం అడుక్కొస్తాం. ఆ బియ్యం వండి, ఆకు నిండా వడ్డించి సామికి నైవేద్యంగా తళిగ వేస్తాం. (ఇంట్లో మూటలకొద్దీ బియ్యం ఉన్నవాళ్లు కూడా అడుక్కోవాల్సిందే. సామి ముందు ఆస్తి చూపించకూడదు.) అంత భక్తిగా గడిచిన నెల పూర్తయిన మర్నాడు మటన్ కొట్టు ముందు నిలబడే వరసను చూస్తే, కొండమీద దర్శనం వరసే నయమనిపిస్తుంది. ఆ వరసలో మా నాయన ఎప్పుడూ ముందుండేవాడు. "సామికిచ్చిన మాట అయిపోయిందప్పా. ఇంక నా నాలిక్కిచ్చిన మాట ఉండాది" అనేవాడు కొట్టువాడితో. ముక్క లేని ఆదివారం నాయన దృష్టిలో ఆదివారమే కాదు.

నాయనకు పూర్తిగా ఎదురు మా మేనత్త. నాయనకు అక్క. చిన్న వయసులోనే మామ పోతే పుట్టింటికి వచ్చి, మా ఇంటి వెనకవైపు గదిలో వేరే పొయ్యి పెట్టుకుని ఉండేది. నాకు తెలివి వచ్చినప్పటినుంచీ ఆమె మాంసం ముట్టలేదు. ఎందుకు మానిందో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. నాయన ఆమెకు ఆకులక్క అని పేరు పెట్టాడు, దాంతో మాకందరికీ ఆకులత్త అయింది. "మేకలు నిన్ను సూస్తే మేతకు పోటీకొచ్చిందనుకుంటాయి మే అక్కా" అని నాయన అంటే, "అవి నిన్ను సూస్తే పారిపోతాయి గదరా, నేనే నయం" అని అత్త అనేది. ఆదివారం మేమంతా ముందు వాకిట్లో ఎముకలు కొరుకుతుంటే, వెనక ఒంటరిగా కూర్చుని తనకు తాను వండుకున్నదేదో తినేది. అమ్మ జాలిగా చూసేది. నాకూ జాలే. మా ఇంట్లో శాకాహారమంటే మాంసం పులుసులోంచి మాంసం తీసేయగా మిగిలింది. అత్త గిన్నెలో ఏముంటుందో మాలో ఒక్కరమూ మూత తీసి చూసిన పాపాన పోలేదు.

నేను సూళ్లూరుపేట పారిశ్రామికవాడలో ఉద్యోగానికి చేరిన ఏడాది, మామిడికాయల కోతలో నాయన చెట్టుమీదనుంచి పడ్డాడు. కోతకు వచ్చినవాళ్లు కాయను తొడిమతో కోయడం లేదని కోపం వచ్చి, ఆ వయసులో తానే ఎక్కాడు. తొడ ఎముక విరిగింది. తిరుపతిలో ఆపరేషన్ చేసి లోపల ఉక్కు పట్టీ వేశారు. ఎముక అతుక్కోలేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తోట చుట్టి రాకపోతే అన్నం సహించని మనిషి, నెలల తరబడి మంచంలో పడుకుని పైకప్పు చూస్తుండేవాడు. మాట తగ్గిపోయింది. ఆదివారం వచ్చినా కంచంలో ముక్కలు అలాగే వదిలేసేవాడు. సెలవుకు ఇంటికి వెళ్లినప్పుడల్లా నాకు భయం వేసేది. ఆ మంచం పక్కన కూర్చోవడం చేతకాక, ఏదో పని ఉన్నట్టు లేచి బయటికి పోయేవాణ్ణి.

ఆ పెరటాసి చివరి శనివారం తళిగ వేసి అందరూ కళ్లు మూసుకున్నప్పుడు నేను గట్టిగా మొక్కుకున్నాను. "సామీ, నాయన తన కాళ్లమీద తాను నడిచి తోటకు పోయినదాకా నాకు పెరటాసి అయిపోదు" అన్నాను. మనసులో అనుకున్నాననే నా నమ్మకం. పక్కనున్న అమ్మకు వినబడేంత గట్టిగా అనుకున్నానని ఆమె కళ్లు తుడుచుకున్నప్పుడు తెలిసింది. మొక్కు సంగతి మంచంలో ఉన్నవాళ్లకు చెప్పకూడదని మావాళ్ల నమ్మకం. అందుకని అమ్మా, నేనూ నాయన దగ్గర నోరు మెదపలేదు. (ఆ నిబంధన సూళ్లూరుపేటకు వర్తించదని నేనే తీర్మానించుకుని, అక్కడ మాత్రం అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాను.)

సూళ్లూరుపేటలో నాకు ఒక మేడమీద గది. నాతో ఉండేవాడు చిత్తూరు టౌనువాడు, వాళ్ల ఇంట్లో గాజుల వ్యాపారం. వాణ్ణి అందరం భాయ్ అనేవాళ్లం. వాడు నన్ను మొదట్లో పేరుతోనే పిలిచేవాడు, మొక్కు సంగతి తెలిశాక పెరటాసి అని పిలవడం మొదలుపెట్టాడు. అది ఫ్యాక్టరీ అంతా పాకింది. నెల పూర్తయి ఊళ్లో మటన్ కొట్ల ముందు వరసలు కట్టారు, దీపావళి వచ్చింది, చలి వచ్చింది, నా పెరటాసి మాత్రం కదల్లేదు.

మొక్కు మామూలుదే. దాన్ని పాటించడంలోనే నా ప్రతిభంతా బయటపడింది. మాంసం ఎలాగూ లేదు. గుడ్డు దానికి దగ్గరి చుట్టమని తీసేశాను. పెరటాసి అన్నాక ఉల్లి, వెల్లుల్లి ఏమిటని అవీ తీసేశాను. క్యాంటీన్ పప్పులో వెల్లుల్లి తాలింపు ఉంటుంది కాబట్టి పప్పు పోయింది. కూరలన్నిటిలోనూ ఉల్లిపాయ ఉంటుంది కాబట్టి కూరలు పోయాయి. అప్పుడప్పుడు మీల్‌మేకర్ కూర చేసేవారు. చూడ్డానికి అచ్చం మటన్ ముక్కలా ఉంటుంది, నమిలితే అనుమానం ఇంకా పెరుగుతుంది. నాకే అనుమానం వస్తే పైనున్న సామికి రాదా అని దాన్నీ వదిలేశాను. పుట్టగొడుగులకూ అదే గతి. పొద్దున షిఫ్టువాళ్లకు మొలకెత్తిన పెసలు ఇచ్చేవారు. మొలక వచ్చిందంటే ప్రాణం వచ్చినట్టే కదా, పెరటాసిలో ప్రాణిహింస ఎందుకని పక్కవాడికి ఇచ్చేసేవాణ్ణి. (నా భక్తిని ఫ్యాక్టరీలో అందరికన్నా ఎక్కువగా మెచ్చుకున్నది ఆ పక్కవాడే.) ఇలా ఒక్కొక్కటే తీసేయగా చివరికి తెల్లన్నం, చారు, నీళ్ల మజ్జిగ, అప్పడం, ఊరగాయ మిగిలాయి. చారులో వెల్లుల్లి ఉందో లేదో నేను అడగలేదు. అడిగితే పస్తుండాలి.

కొన్నాళ్లకు నా ముఖం తెల్లబడింది. "ముఖంలో కళ వచ్చిందప్పా, సామి చల్లగా చూస్తా ఉండాడు" అన్నాడు మా సూపర్‌వైజర్. నేను పొంగిపోయాను. వంగి లేస్తే కళ్లు చీకట్లు కమ్మేవి. అది ధ్యానంలో మొదటి మెట్టని ఎక్కడో విన్నట్టు గుర్తు తెచ్చుకుని సంతోషించాను. గోళ్లు విరిగేవి, జుట్టు దువ్వెనకు వచ్చేది. యంత్రంలోంచి వచ్చిన ప్లాస్టిక్ మూతల్లో మంచివీ చెడ్డవీ ఏరడం నా పని. కళ్ల ముందు చుక్కలు ఆడుతుంటే అన్నీ చుక్కలున్న మూతల్లాగే కనబడి, మంచివి కూడా చెడ్డవాటిలో వేసేసేవాణ్ణి. భాయ్ ఒక్కడే నా కళను నమ్మలేదు. "రేయ్ పెరటాసీ, మాకు గూడా ఒక నెల ఉండాది. పొద్దుగూకినాక కూర్చోని శుబ్బరంగా తింటాం. నీకు పొద్దే గూకదు గదరా" అనేవాడు. ఒకసారి వాళ్ల అమ్మ పంపిన ఖర్జూరాలు నా ముందు పెట్టాడు. ఖర్జూరం పెరటాసికి వస్తుందో రాదో ఇంట్లో అడిగి చెబుతానన్నాను. వాడు నన్ను చాలాసేపు చూసి, ఆ ఖర్జూరాలు నాకెదురుగానే తినేశాడు.

శ్రీహరికోటలో రాకెట్ వదిలే రోజు సూళ్లూరుపేటలో ఎవరూ ఇంట్లో ఉండరు. ఆ సాయంత్రం మా మేడమీదికి వీధివాళ్లంతా ఎక్కారు. నేనూ భాయ్ వెనక పరుగెత్తాను. చివరి మెట్టు ఎక్కేసరికి అంతా ఒక్కసారి గోల పెట్టారు. నాకు మాత్రం ఆకాశమూ, మేడా, మనుషులూ కలిసి నల్లగా తిరిగాయి. కళ్లు తెరిస్తే నీళ్లట్యాంకుకు ఆనించి కూర్చోబెట్టి ఉన్నారు, తల మీద ఎవరో నీళ్లు పోస్తున్నారు. ఆకాశంలో తెల్లటి పొగచార ఒక్కటి మిగిలి ఉంది. "అది పైకి పోయింది, నువ్వు కిందికి పోయినావు" అని భాయ్ చెప్పాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. భాయ్ మాత్రం నవ్వలేదు. "డాక్టరు దగ్గరికి పోదాం రా" అన్నాడు. నాయన నడిస్తే నా నీరసం దానంతటదే పోతుందన్నాను. నిజంగానే అలా నమ్మాను. నేనెంత ఎండిపోతే నాయన ఎముక అంత అతుక్కుంటుందని నాకొక లెక్క ఉండేది.

లెక్క తప్పిందని కొద్దిరోజులకే తెలిసింది. ఎముక అతుక్కోలేదు, పట్టీ తీసేసి మళ్లీ ఆపరేషన్ చేయాలన్నారు. అమ్మ ఫోన్ చేసింది. "రక్తం కావాలంటా ఉండారు. వాళ్లు ఎక్కించేదానికి బదులు మనోళ్లు ఎవురన్నా ఇయ్యాలంట. చిన్నాయన వాళ్లు షుగరని పనికిరారు. నాకు బీపీ మాత్రలు." నేనున్నా కదమ్మా అన్నాను. ఆ మాట అనడం ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మంచం పక్కన కూర్చోలేక పారిపోయేవాడికి, నాయన కోసం చేయగలిగింది ఒకటి దొరికింది. నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా తిరుపతికి బస్సులో నిలబడే వెళ్లాను, సీటు ఖాళీ ఉన్నా కూర్చోవాలనిపించలేదు. ఆసుపత్రిలో నాయన అప్పటికే వార్డంతా చెప్పేశాడు. పక్క మంచమాయన నన్ను చూడగానే "రక్తమిచ్చే కొడుకు నువ్వేనా?" అన్నాడు. నాయన ముఖంలో చాలా నెలల తర్వాత వెలుగు చూశాను. "వాడికేం, కుర్రోడు. ఒక బక్కెట్టు ఇస్తాడు" అన్నాడు.

రక్తం తీసుకునే గదికి నాతో అమ్మ, అత్త వచ్చారు. అక్కడి సిస్టరు నా వేలు గుచ్చి, గాజు గొట్టంతో ఒక బొట్టు తీసి, నీలం నీళ్లున్న గ్లాసులో వదిలింది. రక్తం సరిగ్గా ఉంటే బొట్టు మునగాలట. నా బొట్టు మునగలేదు. కొంచెం దిగినట్టు దిగి, మనసు మార్చుకుని, నెమ్మదిగా పైకి వచ్చి తేలుతూ నిలబడింది.

"ఇంకోసారి సూడండి సిస్టర్" అన్నాను. ఇంకో వేలు గుచ్చింది. అదీ తేలింది. మూడో వేలు నేనే చాపాను. ఆమె నా చేయి పక్కకు పెట్టి, నా కింది రెప్పను లాగి చూసింది.

"దినామూ ఏం తింటా ఉండావబ్బాయ్?"

చెప్పాను. చెబుతున్నకొద్దీ అది ఎంత తక్కువసేపట్లో అయిపోతోందో నాకే తెలిసింది. అన్నం, చారు, మజ్జిగ అనేసరికి ఇంకేం లేదు. ఆమె ఇంకా ఏదో వస్తుందని చూస్తోంది.

"అప్పడం" అన్నాను.

"పప్పు? ఆకుకూర? గింజలు? చెనిక్కాయలన్నా?"

"మొక్కుబడి ఉండాది సిస్టర్."

"చారు తాగి బతకమని సామి సెప్పినాడా నీకు? నీకే రక్తం ఎక్కించాల. నువ్వు ఇయ్యకూడదు, లెయ్."

లేవలేదు. పై అంతస్తులో నాయన, వార్డంతా వినేలా నా గురించి చెప్పుకుంటూ ఎదురుచూస్తున్నాడు. ఆయన కోసమే కదా ఇదంతా చేసింది. ఆయనకు అవసరమైన రోజున ఇవ్వడానికి నా ఒంట్లో ఏమీ మిగల్లేదు. సిగ్గుతో ఒళ్లంతా కాలిపోయింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు ఆకులత్త నన్ను భుజం పట్టి లేపి, ఆ కుర్చీలో తాను కూర్చుంది.

"నాది సూడు పాపా."

"వయసెంతమ్మా?" అని సిస్టరు అనుమానంగా అడిగి, కార్డు చూసి, బరువు చూసి, బీపీ చూసి, చివరికి వేలు గుచ్చింది. అత్త బొట్టు నీలం నీళ్లలోకి పడి, ఎటూ చూడకుండా నేరుగా అడుక్కి పోయి కూర్చుంది. సిస్టరు గ్లాసు ఎత్తి చూసింది.

"బాగుండాదే! మాంసం ఎక్కువ తింటావా అమ్మా?"

"ముట్టను" అంది అత్త.

వార్డుకు తిరిగి వెళ్లే మెట్లన్నీ నేను అందరికన్నా వెనక ఎక్కాను. నాయన తలెత్తి చూశాడు. "ఇచ్చినాడా అబ్బోడు?" అన్నాడు. అమ్మ నన్ను చూసింది. అత్త మోచేతి దగ్గర దూది నొక్కుకుంటూ ముందుకు వచ్చింది.

"నేనిచ్చినాలేరా."

"నువ్వా? ఆకురసం ఎక్కిస్తారా నాకు? రేపట్నించి నేను గూడా మే మే అంటా లేస్తానేమో" అని నాయన నవ్వబోయి, నా ముఖం చూసి ఆగాడు. (బదులుగా ఇచ్చే రక్తం ఎవరిది ఎవరికి పోతుందో తెలియదని సిస్టరు ఎంత చెప్పినా, తన ఒంట్లో తిరిగేది అక్క రక్తమేనని నాయన చివరిదాకా నమ్మాడు.) "వాడెందుకియ్యలేదు? భయపడినాడా?"

"భయం గాదు" అంది అమ్మ. "వాడి ఒంట్లో రక్తం ల్యాదంట. నువ్వు నడిసి తోటకు పోయినదాకా తిననని మొక్కుకోని, ఎండకపోయినాడు." ఇన్ని నెలలు దాచిన మాట అలా ఏడుపులో జారిపోయింది.

పక్క మంచమాయన అటు తిరిగి పడుకున్నాడు. నాయన నా వైపు చూశాడు.

"నేను నడవకపోతే?"

"నడుస్తావులే నాయనా."

"నడవకపోతే ఎప్పుడు తింటావురా?"

మొక్కుకున్నప్పుడు ఆ వైపు ఆలోచించనే లేదు.

"నన్నడక్కుండా నా కాళ్లను యాల తాకట్టు పెట్టినావురా సామి దగ్గర?" అన్నాడు నాయన. కోపమో, ఇంకేమో. తర్వాత కళ్లు మూసుకుని, "మొక్కినావు, అయిపోయింది. దాన్ని నేను తీసేది గాదు. సామి వద్దన్నది మాంసం, తిండి వద్దన్లేదు" అన్నాడు. "మే అక్కా, వాడికి నీ తిండి పెట్టు."

జీవితమంతా ఆ తిండిని వెక్కిరించిన మనిషి ఆ మాట అన్నాడు. అత్త ఏమీ ఎరగనట్టు తన క్యారియర్ తీసుకుని నన్ను వరండాలోకి లాక్కుపోయింది. జీవితంలో మొదటిసారి ఆ గిన్నె మూత కింద ఏముందో చూశాను. రాగిసంగటి ముద్ద, అనపగింజలు నానబెట్టి తోలు పితికి చేసిన పులుసు, మునగాకు వేపుడు, చెనిక్కాయల చట్నీ, సగం నిమ్మకాయ. ఇవన్నీ ఆమె రోజూ మా ఇంటి వెనకే తినేదా అని నేను ఆశ్చర్యపోతుంటే, "ఒకటి తీసేస్తే ఆడ ఇంకోటి పెట్టాల గదరా. ఊరికే తీస్తా పోతే యాడ నిలస్తావు?" అంది. చట్నీలో వెల్లుల్లి వాసన తగిలి నా చేయి ఆగింది. "సామికి నేను సెప్పుకుంటా, నువ్వు మింగు" అంది. మింగాను. మింగుతుంటే ఏడుపొచ్చింది. వరండాలో అటూ ఇటూ పోయేవాళ్లు నాయనకేదో అయిందనుకుని జాలిగా చూశారు. ఏడుస్తూనే ముద్ద మొత్తం తిన్నాను, ఇంకో ముద్ద ఉందా అని కూడా అడిగాను.

ఆపరేషన్ అయింది. నేను రాగిపిండి, చెనిక్కాయలు, ఎండు అనపగింజల సంచులు మోసుకుని సూళ్లూరుపేటకు చేరాను. సాయంత్రమైతే అత్త ఫోన్ చేసి, బాగున్నావా అని కూడా అడక్కుండా, "ఈ పొద్దు గింజ ఏం తిన్న్యావు, ఆకు ఏం తిన్న్యావు?" అని పాఠం ఒప్పజెప్పించుకునేది. భాయ్ పక్కనుంచి "అంతా నేనే తినేస్తా ఉండాను అత్తా" అని అరిచేవాడు. అందులో నిజం లేకపోలేదు, ఆ పితికిన పప్పు పులుసు వాడికి బిరియానీతో సమానమైపోయింది. నాకు మెల్లగా రంగు తిరిగింది. మా సూపర్‌వైజర్ నన్ను చూసి, "కళ తగ్గిపోయిందే" అని బాధపడ్డాడు.

నాయన ఇంటికి వచ్చాక వాకర్ పట్టుకున్నాడు, తర్వాత కర్ర పట్టుకున్నాడు. ఇంట్లో తిరిగితే చాలు, అంతకన్నా ఆశపడొద్దని డాక్టర్లు ముందే చెప్పారు. ఆయన వినలేదు. పొద్దున్నే కర్ర తీసుకుని వీధిలోకి దిగేవాడు. అమ్మ అడ్డం పడితే, "అబ్బోడు నా కోసం నోరు కట్టుకోని ఉండాడు మే. నేను పోతేగానీ వాడు తినడు" అనేవాడు. అప్పటికి నేను ఆయనకన్నా బాగా తింటున్నాను. ఎంత చెప్పినా నమ్మేవాడు కాదు. మాంసం లేని తిండి తిండేనని ఒప్పుకోవడం ఆయన వల్ల కాలేదు.

ఒక ఆదివారం నేనూ ఆయన వెంట నడిచాను. తోటకు సగం దూరంలో మా మోటారు షెడ్డు ఉంది. అక్కడిదాకా వచ్చి, ఒళ్లంతా చెమటతో, తొట్టి గట్టుమీద కూలబడ్డాడు. ఊపిరి తిరిగాక నా వైపు చూడకుండా అన్నాడు.

"ఈడ్నించి మన తోట కనపడతా ఉండాది గదరా?"

"కనపడతా ఉండాది."

"కనపడితే పోయినట్టే గదా?"

"కాదు నాయనా."

కర్ర ఎత్తి షెడ్డు వైపు చూపించాడు. "ఈ మోటరు తోటదే. ఈ నీళ్లు పొయ్యేది తోటకే. లెక్కకు ఇది గూడా తోటే." నేను తల అడ్డంగా ఊపాను. "ఇంత కచ్చితంగా ఆ సామి గూడా ఉండడప్పా! ఈ పొద్దు ఆదివారం. మీయమ్మతో సెప్పి పొయ్యి మీద పెట్టిస్తా. నువ్వు ఒక్క ముక్క తిను, నేను సూస్తా."

సరే నాయనా, ఇదే తోట అనడం ఎంత తేలిక. కానీ నా పెరటాసి అయిపోయిందంటే మర్నాడు ఈయన కర్ర పట్టుకోడు. మళ్లీ మంచమెక్కి పైకప్పు చూస్తాడు. ఆయన నడుస్తున్నది నా నోటి కోసం. "రేపు ఇంకొంచెం దూరం పోదాంలే" అన్నాను. తిట్టాడు, నవ్వాడు, నా భుజం పట్టుకుని లేచాడు. ఇంటిదాకా తిడుతూనే వచ్చాడు. ఆ మధ్యాహ్నం అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాడు.

అలా రెండేళ్లు నడిచాడు. మోటారు షెడ్డు దాటలేదు. ఒక వానాకాలం జ్వరం వచ్చి, నాలుగు రోజుల్లో పోయాడు. మావైపు పోయినవాళ్లను సొంత భూమిలోనే పూడ్చిపెడతారు. నాయన్ను భుజాలమీద మోసుకుని తోటకు తీసుకెళ్లాం. షెడ్డు దగ్గర ఒక్క క్షణం నా అడుగు ఆగిపోతే, వెనకున్నవాళ్లు బరువనుకుని భుజం మార్చుకోమన్నారు. కర్మాంతరం నాడు నాయనకు ఇష్టమైనవన్నీ వండి పెట్టారు. అందరూ ఆకుల ముందు కూర్చున్నారు. అమ్మ మాంసం గిన్నె పట్టుకుని నా ముందు నిలబడింది.

"తోటకు పోయినాడు గదరా మీ నాయన. ఇంక తిను."

"కాళ్లమీద పోలేదు గదమ్మా" అన్నాను.

ఆకులత్త వచ్చి, నా ఆకులో సంగటి ముద్ద వేసి, పులుసు పోసి, ఎప్పుడూ ఒంటరిగా తినే మనిషి ఆ రోజు నా పక్కనే ఆకు వేసుకుని కూర్చుంది.

ఇప్పుడు నాకు సగం జుట్టు నెరిసింది. మధ్యాహ్నం క్యాంటీన్‌లో నా డబ్బా మూత తీస్తే అనపగింజలో, అలసందలో, మునగాకో ఉంటాయి. కొత్తగా చేరిన కుర్రాళ్లు టీ, బిస్కెట్లతో షిఫ్టు గడిపేస్తుంటే పిలిచి మరీ పాఠం చెబుతాను. వాళ్లు నా వెనక నవ్వుకుంటారని తెలుసు. "ఇంక పెరటాసి అయిపోదా అన్నా?" అని అడుగుతారు. అయిపోదని చెబుతాను. నీళ్లట్యాంకుకు ఆనుకుని, తెల్లబడ్డ ముఖంతో, తన ఎముకలు కరిగితే నాయన ఎముక అతుక్కుంటుందని నమ్మి కూర్చున్న ఆ కుర్రాడు అప్పుడప్పుడు గుర్తొస్తాడు. దొరికితే నాలుగు తిట్టాలని ఉంటుంది. ముందు కూర్చోబెట్టి ఇంత సంగటి పెట్టాలి, తిట్లు వాడు తిన్న తర్వాత.